వారం తక్కువ ఏడాది

పోయిన వారం గ్లెండా లార్టర్‌ని నారిచ్ రికార్డుల ఆఫీసు మెట్ల మీద, వానలో, మూడు జిరాక్సు కాగితాలు కోటు లోపల దాచుకుని నిలబడి ఉండగా వదిలేశాం. గొడుగు లోపలే మరిచిపోయింది. దానికోసం వెనక్కి వెళ్ళే ఓపిక కూడా ఆమెకి లేదు. అరవై రెండేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళు రొట్టెల వ్యాను తోలిన మనిషి, ఒక పాత కాగితం చూసి అలా కొయ్యబారిపోతుందా అని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. అందులో ఏముందో తెలిస్తే నవ్వరు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. విదర్‌స్టన్ ఊళ్ళో లార్టర్ల ఇంట పుట్టిన ప్రతి పిల్లకీ ఉగ్గుపాలతో ఒక కథ పోస్తారు. 1829 ఫిబ్రవరిలో, మంచు కురుస్తుండగా, కెజియా లార్టర్ అనే నిండు చూలాలిని, మొగుడు పోయి ఆరు వారాలు కూడా కానిదాన్ని, ఊరు వెళ్ళగొట్టింది. ఆ రోజుల్లో దిక్కులేనివాళ్ళకి తిండి పెట్టాల్సింది ఊరే. అందుకని ప్రతి ఊరూ 'ఈవిడ మా మనిషి కాదు, మీ మనిషి' అని పక్క ఊరి నెత్తిన రుద్దాలని చూసేది. పేదల సంగతి చూసే ఓవర్సీర్ సైలస్ బుల్లిమోర్ ఆమెని పైన కప్పులేని బండెక్కించి, ఇరవై రెండు మైళ్ళ దూరంలోని థార్న్‌మియర్‌కి తోలాడు. దారిలో ఒక సత్రం గుర్రాలశాలలో బిడ్డని కని కెజియా కన్నుమూసింది. ఆ పసిగుడ్డుని తాత ఏమస్ లార్టర్ గుండెలకి హత్తుకుని తెచ్చి పెంచాడు. అతని పేరు జేమ్స్. ఆ జేమ్స్ సంతానమే వీళ్ళంతా. ఇదీ కథ. గ్లెండా తండ్రి ఆల్బర్ట్ రొట్టెల బట్టీ నడిపేవాడు, ఆదివారాలు చాపెల్‌లో ప్రసంగాలు చేసేవాడు. ఏటా ఫిబ్రవరిలో ఈ కథ చెప్పి ఊరంతటినీ ఏడిపించేవాడు. లార్టర్లు మాత్రం బుల్లిమోర్ల గుమ్మం తొక్కకూడదు.

తొక్కకూడదన్న గుమ్మం వైపే కదా కాళ్ళు పోయేది. 1984లో గ్లెండా కీత్ బుల్లిమోర్‌ని ప్రేమించింది. తండ్రి ససేమిరా అన్నాడు. ఒక శనివారం పొద్దున ఎనిమిదిన్నర బస్సెక్కి వెళ్ళిపోదామని ఇద్దరూ అనుకున్నారు. గ్లెండా పెట్టెతో వెళ్ళి నిలబడింది. మూడు బస్సులు పోయాయి. కీత్ రాలేదు. మూడో బస్సు కూడా పోయాక అమ్మ వచ్చి, ఒక్క మాట అడక్కుండా పెట్టె అందుకుని, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో తనకంటూ ఒక్కరున్నారంటే అది అమ్మేనని గ్లెండాకి ఆనాడే తెలిసింది.

అప్పటినుంచీ కెజియా పగ గ్లెండా సొంత పగ అయిపోయింది. మాట తప్పడం బుల్లిమోర్ల రక్తంలోనే ఉందనుకుంది. ఇరవై ఏళ్ళు పాత కాగితాలు వెతికింది. కెజియాని తరలించమని ఇద్దరు మేజిస్ట్రేట్లు ఇచ్చిన ఉత్తర్వు సంపాదించింది. చాపెల్ ఆవరణలో రాయి వేయించి, దానిమీద 'సైలస్ బుల్లిమోర్ కర్కశత్వానికి బలైన తల్లి' అని చెక్కించింది. వచ్చే ఆదివారం ఆ రాయి మీద గుడ్డ తీస్తారు. గ్లెండా ఉత్తరం రాసి అడిగితే, బుల్లిమోర్ల తరఫున ఊరందరి ముందూ క్షమాపణ చదవడానికి కీత్ ఒప్పుకున్నాడు కూడా.

ఇవాళ గురువారం. ఇవాళే ఆ కాగితాలు దొరికాయి.

ఇంతకాలం ఎందుకు దొరకలేదంటే, వంశవృక్షాలు వెతికేవాళ్ళంతా చేసే తప్పే గ్లెండా చేసింది. తరలింపు ఉత్తర్వు దొరకగానే కథ మొత్తం దొరికిందనుకుంది. ఉత్తర్వు సగమే. మనిషిని నెత్తిన వేయించుకున్న ఊరు ఊరుకుంటుందా? జిల్లా కోర్టులో అప్పీలు వేస్తుంది. అప్పుడు సాక్ష్యాల నకళ్ళన్నీ ఆ ఫైల్లోకి చేరతాయి. ఆ ఫైలు ఉండేది ఫిర్యాదు చేసిన ఊరి పేరు మీద. గ్లెండా ఇరవై ఏళ్ళూ విదర్‌స్టన్ కట్టల్లోనే తవ్వింది. థార్న్‌మియర్ కట్ట అడగాలని ఇవాళ పొద్దున ఆఫీసులోని కొత్త అమ్మాయి చెప్పేదాకా తట్టలేదు.

మొదటి కాగితం ఏమస్ లార్టర్ వాంగ్మూలం. చదువు రాదు కాబట్టి కింద ఇంటూ గుర్తు. 'చచ్చిపోయిన నా కొడుకు రాబర్ట్ థార్న్‌మియర్‌లో ఒక రైతు దగ్గర నిండా ఏడాది పాలేరుగా చేశాడు' అని బైబిల్ మీద ప్రమాణం చేసి చెప్పాడు. ఆ కాలంలో పాలేరు ఒక ఊళ్ళో నిండా ఏడాది చేస్తే ఆ ఊరి హక్కు వాడికొచ్చేది, వాడి పెళ్ళానికీ వచ్చేది. ఆ హక్కు పడకూడదనే రైతులు ఏడాదికి వారం ముందే పాలేరుని పంపేసేవాళ్ళు. ఈ రైతు కూడా యాభై ఒక్క వారాలకే పంపేశాడు. ఆ సంగతి కోర్టులో రైతు పుస్తకమే తేల్చింది, ఉత్తర్వు కొట్టేశారు. కానీ అప్పటికి కెజియా మట్టిలో కలిసి రెండు నెలలైంది. చచ్చిన మనిషి గురించి రెండు ఊళ్ళూ తీరిగ్గా కొట్టుకున్నాయి.

అంటే కెజియాని బండెక్కించింది బుల్లిమోర్ కాదు. సొంత మామగారు. ఒక్క వారం అబద్ధమాడి.

ఇది ఒక్కటే అయితే గ్లెండా తట్టుకునేది. రెండు వందల ఏళ్ళ కిందటి ముసలాడి మీద ఎంతసేపు కోపగించుకుంటాం? రెండో కాగితం గొలుసుకట్టు రాత, అర్థం కాలేదు. మూడోది చిన్న చీటీ, ఫైల్లో పుటల మధ్య అతుక్కుపోయి ఉంది. 'నకలు కావలెను. 12 మార్చి 1984.' కింద సంతకం, మిస్ మౌరీన్ లార్టర్. లార్టర్‌లోని మొదటి అక్షరం కాలు కింద పందితోకలా మెలిక తిరిగి ఉంది. ఆ మెలిక గ్లెండా చిన్నప్పటి నుంచీ చూస్తోంది. ప్రతి పుట్టినరోజు కార్డు మీదా, ప్రతి క్రిస్మస్ కార్డు మీదా. అది సొంత అక్క చేతిరాత.

*

మౌరీన్ ఇల్లు నారిచ్‌లోనే, రికార్డుల ఆఫీసుకి రెండు స్టాపుల దూరం. వంటింట్లో ఆదివారం నాటి జనానికని సాసేజ్ రోల్స్ చేస్తోంది. బల్లంతా పిండి. ముందు గదిలో బావ డెరిక్ స్నూకర్ చూస్తున్నాడు.

"ఇదేంటే, కాకిలా తడిశావు! గొడుగేదీ? డెరిక్, హీటర్ పెంచు, గ్లెండా వచ్చింది!"

"ఈ ఆట అవనీ," అన్నాడు డెరిక్ లోపలినుంచి.

"అక్కా, చేతులు కడుక్కుని కూర్చో."

"ఇంకా రెండు పళ్ళేలున్నాయే. నూటయాభై మంది వస్తారంటున్నావు, ఎవడు చేస్తాడు?"

గ్లెండా కూర్చోలేదు. కోటు లోంచి చీటీ జిరాక్సు తీసి పిండి మీద పెట్టింది. "ఈ రాత ఎవరిది?"

మౌరీన్ కళ్ళజోడు కిందకి జరుపుకుని చూసింది. అప్పడాల కర్ర పక్కన పెట్టి, మెల్లగా చేతులు తుడుచుకుంది.

"ఎక్కడిదిది?"

"ఎక్కడిదో నీకు తెలీదూ? థార్న్‌మియర్ ఫైల్లోది. నేను ఇరవై ఏళ్ళు తవ్వాను అక్కా. ప్రతిసారీ నీ దగ్గరికొచ్చే ఏడ్చాను. 'ఎలకలు తినేసుంటాయిలేవే' అన్నావు. నా అరవయ్యో పుట్టినరోజుకి భూతద్దం కొనిచ్చావు కదే! దీపం ఉన్న భూతద్దం! అది పెట్టుకుని నేను లేని చోట వెతుకుతుంటే చూసి నవ్వుకున్నావా?"

"నవ్వలేదు."

"మరేం చేశావు?"

"భయపడ్డాను. నువ్వు ఎప్పుడు కనిపెడతావోనని ఏడాదికేడాది భయపడుతూనే బతికాను. చాలా? కూర్చో, టీ పెడతా."

"నీ టీ నాకొద్దు!"

ముందు గదిలో టీవీ శబ్దం తగ్గింది. డెరిక్ మంచివాడే, కానీ చెవులు పెద్దవి. మౌరీన్ వెళ్ళి వంటింటి తలుపు మూసి వచ్చింది.

"నన్ను పంపింది నాన్నే," అంది. "నువ్వు కీత్‌తో తిరుగుతున్నావని తెలిశాక. నేను లాయరు దగ్గర టైపిస్టుని కదా, ఇలాంటి ఫైళ్ళు ఎక్కడుంటాయో మా ఆఫీసులో తెలుసు. 'సైలస్ చేసిన పాపం కాగితం మీద చూపిస్తే గ్లెండా మారుతుంది, పో, తీసుకురా' అన్నాడు. నేను వెళ్ళి తెచ్చాను. బట్టీలో నిలబడి నాన్నకి చదివి వినిపించాను. సగం చదివేసరికి నాన్న పిండి బస్తా మీద కూలబడిపోయాడు. అలా ఎప్పుడూ చూడలేదు ఆయన్ని."

"తర్వాత?"

"కాగితం పొయ్యిలో పడేశాడు. నన్ను ఒట్టు వేయమన్నాడు."

"ఆ తర్వాత పదిహేనేళ్ళు అదే పీట మీద నిలబడి అదే కథ చెప్పాడు! నేను ముందు వరసలో కూర్చుని ముక్కు చీదుకుంటూ విన్నాను! తెలిసే చెప్పాడా? దేవుడి ఇంట్లో?"

"చచ్చినవాణ్ని ఆడిపోసుకోకు. ఆయన చాలా మంచివాడు గ్లెండా."

"చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు! నువ్వు బతికే ఉన్నావుగా, నీ సంగతి చెప్పు. నీకు నేనేం ద్రోహం చేశానని?"

మౌరీన్ మొహం కందిపోయింది. ఇప్పటిదాకా తగ్గి మాట్లాడిన మనిషి ఒక్కసారిగా గొంతు పెంచింది. "ద్రోహమా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఊళ్ళో మనకున్నదేమిటి? నాలుగు రొట్టెలూ, ఒక కెజియా! అదీ అబద్ధమని చాటుకోమంటావా? నిజం చెప్పనా, నేను వెళ్ళిపోవాలనుకున్నా. డెరిక్‌కి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. తెల్లారి మూడింటికి లేచి పిండి పిసికే బతుకు నాకొద్దనుకున్నా. మనిద్దర్లో ఒకరు ఉండాలి. నువ్వు కీత్‌తో పోతే నేను ఉండిపోవాలి. నేను ఉండలేదు. నువ్వు ఉన్నావు. అంతే."

"అంతేనా," అంది గ్లెండా.

ముప్ఫై ఏళ్ళ వ్యాను, చలికాలం పొద్దుల్లో గడ్డకట్టిన అద్దం గీకడం, మూలమలుపు దగ్గర కీత్ ట్రాక్టర్ కనిపిస్తే మొహం పక్కకి తిప్పుకోవడం, అన్నీ కలిపి ఈవిడ 'అంతే' అనేసింది. నమ్మించి గొంతు కోసింది. కోసినచోట ఏటా ఒక కార్డు, రెండేళ్ళ కిందట ఒక భూతద్దం.

"ఆదివారం కీత్ క్షమాపణ చెప్పడు," అంది చివరికి. "చెప్పాల్సింది మనం. రాయి మీద ఆ పేరు చెరిపించి ఏమస్ లార్టర్ అని చెక్కిస్తాను. కెజియా మనవరాలిగా నేనే నిలబడి చెప్తాను."

మౌరీన్ నవ్వింది. అది సంతోషంతో నవ్వింది కాదు. "నువ్వు రెండో కాగితం చదవలేదు కదూ?"

"రాత అర్థం కాలేదు."

"నేను టైపిస్టుని. నాకు అర్థమైంది." గ్లెండా కోటులోంచి తీసిచ్చిన ఆ కాగితం అందుకుని, పిండి వేళ్ళతో వరసల వెంట జరుపుతూ చదివింది. ఓవర్సీర్ సైలస్ బుల్లిమోర్ కోర్టులో చెప్పుకున్న మాటలు అవి. పురుడు అయ్యేదాకా ఆగుదామని తను అన్నాడు. ఈ ఊళ్ళోనే బిడ్డని కంటే మనవడి పోషణ తాత మీదే పెడతారని ఏమస్ మేజిస్ట్రేట్ల చెవి కొరికాడు. ఉత్తర్వు వచ్చాక వేరే దారి లేక తనే బండి తోలాడు, తన కోటు తీసి ఆమెకి కప్పాడు. తల్లి చనిపోతే బిడ్డని తీసుకుని నేరుగా ఏమస్ గుమ్మంలోకి వెళ్ళాడు. ఏమస్ తలుపు తీయలేదు.

మౌరీన్ ఆఖరి వరస నెమ్మదిగా చదివింది. "'ఆ మగబిడ్డ ఇప్పుడు నా ఇంట్లో ఉన్నాడు. మా బిడ్డ పోయింది, ఆ పాలే నా భార్య వాడికిస్తోంది. టొబయాస్ అని పేరు పెట్టుకున్నాము.'"

బుల్లిమోర్ల వంశం ఎవరితో మొదలవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. వాళ్ళ ధాన్యపు బార్ను తలుపు పైనే చెక్కి ఉంటుంది, టొబయాస్ బుల్లిమోర్ కట్టించాడని.

"మరి మన జేమ్స్?"

"ఏమస్‌కి ముసలితనంలో పుట్టిన కడసారి కొడుకు, పై వరసలోనే ఉంది చూడు. అదే చలికాలంలో పుట్టాడు. ఆ ఏళ్ళ బాప్తిస్మాల పుస్తకం పంతొమ్మిది వందల యాభైమూడు వరదలో నాని ముద్దయిపోయింది కాబట్టి సరిపోయింది. కెజియా మనకేమీ కాదే. ఆవిడ కీత్ వాళ్ళ ముత్తవ్వ. మనం తలుపు తీయనివాడి పిల్లలం."

ఈసారి గ్లెండా కూర్చుంది. కూర్చుని తడి కోటు గుండీ ఒకటి తిప్పుతూ ఉండిపోయింది. ఆదివారం కీత్ నిలబడి, సొంత అవ్వని చంపినందుకు, చంపినవాళ్ళకి క్షమాపణ చెప్పబోతున్నాడు. చెప్పమని అడిగింది తను. 'మీ కుటుంబానికి ఏమాత్రం సిగ్గున్నా' అని రాసింది ఆ ఉత్తరంలో.

లేచింది. కాగితాలు మడిచింది.

"ఎక్కడికే?"

"కీత్ దగ్గరికి."

మౌరీన్ చటుక్కున అడ్డం వచ్చింది. ఇంతసేపూ వాదించిన మనిషి మొహంలో రంగు పోయింది. "వద్దు. రాయి మార్పించు, చాపెల్‌లో చెప్పు, పేపర్లో వేయించు, ఏమన్నా చేసుకో. నేనేమీ అనను. అక్కడికి మాత్రం వెళ్ళకు. ఫోన్ చెయ్యి. ఉత్తరం... ఉత్తరం కూడా వద్దు, ఫోన్ చెయ్యి."

"ఎందుకు వద్దు?"

"ఎందుకేమిటి... ముసలాడు, గుండె జబ్బు..."

"అరవై నాలుగేళ్ళకి ముసలాడా? నీకు అరవై ఆరు," అని గ్లెండా ఆమెని తప్పించుకుని బయటికి వచ్చేసింది.

*

విదర్‌స్టన్‌కి బస్సులో గంట పడుతుంది. వాన వెలిసింది. నలభై ఏళ్ళలో గ్లెండా కీత్ వాళ్ళ పొలం గేటు ముందు వ్యాను కూడా ఆపలేదు. బుల్లిమోర్లు రొట్టె పక్క ఊరినుంచి తెచ్చుకునేవాళ్ళు.

పందుల కొట్టంలోంచి కీత్ గొంతు వినిపించింది. గట్టిగా, బడిలో పద్యం అప్పగించినట్టు చదువుతున్నాడు. "...మా పూర్వీకుడు చేసిన పనికి బుల్లిమోర్ కుటుంబం తరఫున, తలవంచి..." ఒక పంది గుర్రుమంది. "నీకు నచ్చలేదా? నాకూ నచ్చలేదు. ఉండు, ఆ ముక్క మారుస్తా."

"మార్చక్కర్లేదు కీత్. చించెయ్," అంది గ్లెండా.

అతను తిరిగి చూశాడు. రబ్బరు బూట్లు, చెవి మీద పెన్సిలు, చేతిలో కొట్టివేతల కాగితం. జుట్టు మొత్తం నెరిసింది. భార్య పోయి ఆరేళ్ళైనా చొక్కాకి ఇంకా ఇస్త్రీ ఉంది.

"గ్లెండా? నువ్వా? మా గేటు దాటి?" అని, ఏమనాలో తెలియక, "బురద, చూసి నడు," అన్నాడు.

ఆమె ఉపోద్ఘాతం పెట్టుకోలేదు. పెట్టుకుంటే చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పింది, ఏమస్ ప్రమాణం, ఆ ఒక్క వారం అబద్ధం, బండి, కోటు, తీయని తలుపు, టొబయాస్. రెండో కాగితం అతని చేతిలో పెట్టింది. కీత్ కంచెకి ఆనుకుని విన్నాడు. టొబయాస్ పేరు దగ్గర తలెత్తి బార్ను తలుపు వైపు చూశాడు.

"అంటే ఆవిడ... మా మనిషా?" అన్నాడు.

"మీ మనిషే. ఇరవై ఏళ్ళు మీ అవ్వ కోసం మిమ్మల్నే తిట్టాను. నన్నేమన్నా అను కీత్, పడతాను."

అతను కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు. "నువ్వు మాత్రం ఏం చేస్తావు, నీకు చెప్పింది నువ్వు నమ్మావు. నేనూ నమ్మాను కదా. నువ్వు రాసినదాంట్లో న్యాయం ఉందనే కదా ఆ రోజు రాకుండా ఊరుకున్నాను."

"నేను రాసింది పోయిన నెల. ఏ రోజు గురించి అంటున్నావు?"

"పోయిన నెల ఉత్తరం కాదు. అప్పటిది. బస్సుకి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం మా తలుపు సందులో వేసిందీ."

పందులు తొట్టిని ముట్టెలతో నెడుతున్నాయి. గ్లెండాకి ఆ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"నేను ఏ ఉత్తరమూ రాయలేదు," అంది.

కీత్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత బూట్లు కూడా విప్పకుండా ఇంట్లోకి వెళ్ళాడు. పాత విత్తనాల డబ్బా ఒకటి తెచ్చాడు. అడుగున, నాలుగు మడతల్లో, మడతల దగ్గర చిరుగుపట్టిన కాగితం ఉంది. "పారేద్దామనుకున్నా. పారేయలేదు."

గ్లెండా విప్పింది. 'కీత్, రేపు నేను రావడం లేదు. మా కెజియాని చంపిన ఇంట్లో రొట్టె ముక్క నా గొంతు దిగదు. నువ్వు బస్టాపుకి వస్తే మా నాన్నని పిలుస్తాను. మళ్ళీ నాతో మాట్లాడకు. గ్లెండా లార్టర్.'

లార్టర్‌లోని మొదటి అక్షరం కాలు కింద పందితోకలా మెలిక తిరిగి ఉంది.

కోటు లోంచి చీటీ తీసి పక్కన పెట్టింది. ఇద్దరూ రెండిటినీ చూశారు.

"నేను మూడు బస్సులు చూశాను కీత్," అంది.

"తెలుసు. పైచేను గట్టున నిలబడి ఉన్నా. పెట్టెతో కనిపించావు. నా నుంచి దూరంగా ఎక్కడికో పోతున్నావనుకున్నా. ఏ బస్సూ ఎందుకెక్కడం లేదో అర్థం కాలేదు."

అప్పుడు ఏడ్చింది గ్లెండా. ముక్కు చీదుకుంటూ, సిగ్గు లేకుండా, పందుల ముందు ఏడ్చింది. కీత్ చెయ్యి చాపబోయి, బురద చెయ్యని గుర్తొచ్చి, చొక్కాకి తుడుచుకున్నాడు.

గేటు దగ్గర కారు ఆగింది. డెరిక్ నడుపుతున్నాడు. ఆట మధ్యలో లేచి వచ్చాడంటే మామూలు సంగతి కాదు. మౌరీన్ దిగి పరుగులాంటి నడకతో వచ్చింది. ఏప్రను ఇంకా విప్పలేదు, మోచేతుల దాకా పిండి. గ్లెండా చేతిలోని ఉత్తరం చూడగానే ఉన్నచోటే ఆగిపోయింది.

"ఇది కూడా నాన్నేనా అక్కా?" అంది గ్లెండా. కన్నీళ్ళు తుడుచుకోలేదు. "ఇది కూడా ఆ మంచివాడే రాయించాడా? లేక డెరిక్ బావ ఉద్యోగం కోసం నువ్వే రాశావా?"

"నాన్నకి తెలీదు. నీ బస్సు సంగతే ఆయనకి తెలీదు." మౌరీన్ ఏప్రను అంచుతో చేతులు తుడుచుకుంది. "రాసింది నేనే. ఆ రాత నాదే. కానీ ఆ మాటలు నావి కావే. పక్కన కూర్చుని ఒక్కొక్క ముక్కా చెప్పి రాయించింది అమ్మ."

"అబద్ధం!" అంది గ్లెండా. "అమ్మకేం తెలుసు? అమ్మకి నేను చెప్పనే లేదు, నీకొక్కదానికే..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆ శనివారం పొద్దున మూడో బస్సు వెళ్ళిపోయాక అమ్మ తిన్నగా బస్టాపుకే వచ్చింది. ఎక్కడికి బయల్దేరావని అడగలేదు, ఎవరికోసం నిలబడ్డావని అడగలేదు. పెట్టె అందుకుని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత వెచ్చగా ఉందో గ్లెండాకి ఇప్పటికీ గుర్తే. తను అక్కడున్నట్టు అమ్మకి ఎవరు చెప్పారని నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు.